తోక

పుదుపేటలో కిలో లెక్కన కొన్న గొట్టాలు,
పందిరి విప్పాక మిగిలిన వెదురుబద్దలు,
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ —
నవ్వు లోపలికి తిప్పి కుట్టాను.

వంద సీసీ బండికి ముక్కు చెక్కుతూ
నెల గడిచింది.
కాశిమేడులో వంజరం కోస్తూ సింగారమ్మ అంది:
"తలదేముంది నాయనా,
చీలిన నీళ్ళు మళ్ళీ కలిసేది తోక దగ్గరేగా!"

ముక్కు అలాగే వదిలేసి
తోక మొదలుపెట్టాను.

ఎన్నూరు రోడ్డు. ఇంకా తెల్లారలేదు.
అరవై దాటితే చెవుల్లో అరిచే గాలి
ఇవాళ పక్కనించి వెళ్ళిపోయింది
నన్నెరగనట్టు.
లీటరుకెంతొచ్చిందో తర్వాత చూస్తాను.

కంటైనర్ లారీ దాటినప్పుడు మాత్రం
బండి మొత్తం జానెడు జరిగింది.
కిందికి చూస్తే
మోకాలి పక్కన, తలకిందులుగా,
ఆ పుట్టినరోజాయన పళ్ళు.