మూలుగ

థండర్ బే. మైనస్ ఇరవై ఆరు.
ఐనో లహ్తినెన్ బోర్లా పడుకున్నాడు,
మేజోళ్లు మాత్రం విప్పనన్నాడు.

నర్స్ ప్రాక్టీషనర్ రోజాన్ పెల్టియే
బొటనవేలితో తుంటి ఎముక మీద చోటు వెతికింది.
పదహారేళ్లుగా వెతుకుతూనే ఉంది,
ప్రతి తుంటీ కొత్త ఊరే.

"ఇప్పుడు లాగినట్టుంటుంది. ఊపిరి వదులు."
మూలుగ వచ్చింది.
మూలుగు రాలేదు.

ముప్ఫై ఎనిమిదేళ్లు రేవులో
గోధుమ వ్యాగన్లలోకి ఇత్తడి గొట్టం దింపి
గుప్పెడు గింజలు పైకి తీసి
రకం చెప్పినవాడు.
"నీ గొట్టం మరీ సన్నం," అన్నాడు దిండులోకి.

గురువారం కాగితం వచ్చింది.
టొరంటో నుంచి డాక్టరు ఫోను నాలుగింటికి.
అందాకా ఆగలేకపోయింది.
చక్రాల స్టూలు లాక్కుని
మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుంది.

"ఏ రకం?"
ముప్ఫై నాలుగు శాతం అన్న మాట
నోటి దాకా వచ్చి ఆగింది.
"తడిసింది ఐనో. బాగా తడిసింది."

గడ్డకట్టిన సరస్సు కేసి చూసి చూసి
"తడి వ్యాగన్ని పారబొయ్యం," అన్నాడు,
"వేరే పట్టాల మీదికి తోసి ఆరబెడతాం.
కొన్ని ఆరతాయి."

నెలకి ఏడు రోజులు సూదులు రాసింది.
జ్వరం ముప్ఫై ఎనిమిది దాటితే
అర్ధరాత్రైనా సరే ఫోను చెయ్యమని
నంబరు అతని అరచేతిలోనే రాసింది,
"కాగితాలైతే పారేస్తావు నువ్వు," అంటూ.

రాత్రి, కారు అద్దం మీద మంచు గీకుతూ
తను మూలిగింది.
చలికేమో అనుకుంది
పక్క కారావిడ.