మూటలో మూట

పన్నెండు తూకాలు పంపితే
ఒక్క వరసగా చేరాయి తెరకి.
పన్నెండు పేర్లు పంపితే
గడప దగ్గరే చెల్లాచెదురు.

కాశీబుగ్గ, జీడి ఫ్యాక్టరీ, రాత్రి తొమ్మిదిన్నర.
కాటా మాట వినే పోగు ఒకటి,
తెర మీద రాసే పోగు ఇంకొకటి.
ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు,
కబురు పెట్టాలి, అంతే.
పెట్టాను.
"అడిగింది ఒక్కటి, తెచ్చినవి పన్నెండు"
ఎర్రగా ఒక వాక్యం.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే.
కాల్చిన తొక్కల పొగ గొంతులో గరగర.

వరసలో ఒక్క పేరే ఉంచి చూశాను: దాలమ్మ.
ఈసారి లెక్క కుదిరింది, రకం కుదరలేదట.
వరస రావాల్సిన చోటికి
ఒంటరిగా వచ్చిందట దాలమ్మ.

నిజం దాలమ్మ గుమ్మంలోనే ఉంది,
జీడిరసం కాల్చిన వేళ్ళతో.
రేపట్నుంచి కూలి ఈ తెర చూసే ఇస్తారని ఎవరో చెప్పారు.
"ఏటి బాబూ, నా పేరు ఎల్లనేదా?"

చెప్పాను: వాకిట్లో ఒకడున్నాడు,
పైన మూట కనబడితే చాలు విప్పేస్తాడు.
అంకెల మూట వాడి కంటికి ఆనదు,
పేర్ల మూటే ఆనుతుంది.

ఆవిడ నవ్వలేదు.
"మా గేటుకాడ గురువులూ అంతే.
కోడలికి గాజులు అంపినప్పుడు
సంచిని ఇంకో సంచిలో ఎట్టీసినాను.
పైది ఇప్పీసినాడు. నోపలది నోపలే ఎల్లింది."

పేర్ల వరసని తీసి
ఇంకో వరసలో ఏకైక వస్తువుగా పెట్టాను.
వెళ్ళింది.
తవిటమ్మ, గున్నమ్మ, ఎర్రమ్మ, దాలమ్మ,
మిగతా ఎనిమిదిమంది, తెర నిండా.

కానీ దాలమ్మకి ఎదురుగా గున్నమ్మ తూకం.
మూట పంపాననుకున్నాను,
పంపింది మూట ఉన్న చోటు మాత్రమే.
కబురు చేరేలోగా
అదే మూటలో కాటా కొత్త అంకెలు పోసేస్తోంది.
నకలు తీసి పంపాలని తట్టేసరికి పదకొండు.

"ఎనిమిది కిలోల నాలుగొందలు" చదివి వినిపించాను.
ఆవిడ కొంగు ముడి విప్పింది.
కిలోకో గింజ. ఎనిమిది గుండ్లు, ఒక బద్ద.
"ఎనిమిదిన్నర."

ప్రోగ్రాం అంతా మళ్ళీ మొదట్నుంచి చదివాను.
తర్వాత లేచి వెళ్ళి
కాటా పళ్ళెం కింద ఇరుక్కున్న జీడిబద్ద తీశాను.