కాజిపేటకు దీర్ఘం లేదు

నేను నేర్చుకోవడానికి రాలే.
ఎనిమిది మంది ఆడపిల్లల్ని ఆదివారం పూట
బడి దాటించి తీసుకపోవాలంటే
వెంట ఒక టీచరు ఉండాలన్నరు. అంతే.
మోటర్ వైండింగ్ షాపు మీద, ఇనుప మెట్లెక్కి,
హామ్ రేడియో క్లబ్బు గదిల
వెనక బెంచి మీద కూసోని
క్వార్టర్లీ పేపర్లు దిద్దుకుంటున్న.

టంకం పెట్టబోయి నస్రీన్ వేలు కాల్చుకుంది,
ఊదుకుంటనే మళ్ల ఐరన్ పట్టింది.
ఆడెపు లహరి వడ్రంగి స్టీలు టేపును ముక్కలు కోసి
పీవీసీ పైపుకు బిగించింది. యాంటెన్నా అట.
పోయిన వారం మెట్టుగుట్ట బండల్ల
క్లబ్బోళ్లు దాచిన బుల్లి ట్రాన్స్‌మీటర్‌ను
దాన్ని తిప్పుకుంట, కూత ఎటు పెరిగితే అటు నడిచి,
చీమలపుట్ట పక్కన పట్టుకున్నరు పిల్లలు.
నేను నీడల కూసున్న. నావి మోకాళ్ల నొప్పులు.

మోర్సు దగ్గర మాత్రం అందరూ ఆగిపోయిన్రు.

ఓదెలు సారు రైల్వే టెలిగ్రాఫుల తలపండిన మనిషి.
ఇప్పుడు సన్నటి కూతలు ఆయన చెవికి అందవు.
స్పీకరు మీద చూపుడువేలు ఆనించి
అదురును చదువుతడు.
"చుక్కలు లెక్కపెట్టకుండ్రి, వినుండ్రి" అంటడు.
పిల్లలు లెక్కపెడుతనే ఉన్నరు.

బజర్ నొక్కిండు.
డా డిట్ డా.
డా డిట్ డా.

నా ఎర్రపెన్ను ఆగింది.
ఇది నాకు తెలుసు.
ఇరవై రెండేండ్లుగ బోర్డు మీద గీస్తున్న,
గురువు, లఘువు, గురువు.
ర గణం.

లేచి సుద్దముక్క అడిగిన.
"సారూ, ఇదే అక్షరం?"
"కె. నా మాట అయిపోయింది, ఇగ నువ్వు చెప్పు
అన్నట్టు."
బోర్డు మీద రాసిన: కా, జి, పే.
స్టేషన్ బోర్డు మీద జీకి దీర్ఘం ఉంటది.
మా నోట్ల లేదు, ఎన్నడూ లేదు.

బానోతు మౌనిక మెల్లగ పలికింది: వ, రం, గల్.
"పొల్లుకు ముందున్నది గురువే కదా టీచర్?"
అవును బిడ్డా. పరీక్షల తప్పు రాసినవ్ గాని, అవును.
య గణం. డబ్ల్యూ.
అప్పటికే ఓదెలు సారు అరచేతిల
హ, ను, మ, కొం అని కొట్టుకుంటున్నడు.
మూడు పొట్టివి, ఒక పొడుగు. వి.
ఆయన లైసెన్సు మీద మొదటి అక్షరం.
"గీ మూడూర్ల నడుమనే బతికిన" అన్నడు,
"గీ ముచ్చట నాకెవ్వలూ చెప్పలే."

ఇగ పిల్లలు ఆగుతరా.
పుంటికూర అంటే సి!
క్యూకు మాత్రం
కాజిపేట మార్కెట్ల ఏ కూరా దొరకలే.
అక్కడ కా-జి-పే పోను ఒక ట మిగిలింది,
ఒంటి చుక్క,
దాన్నేం చెయ్యాలో సారుకూ తెల్వదు.

పొద్దుగూకినంక రిసీవర్ పెట్టిండు.
లైసెన్సు లేనోళ్లం, మేం వినొచ్చు, నొక్కొద్దు.
కింద ఏదో ఎక్స్‌ప్రెస్ పోయింది,
గదంత గరగర.
గరగర అడుగున ఎవరో ఒక మనిషి
తేలుకుంట, మునుగుకుంట.
సారు కండ్లు మూసుకోని, వేలు ఆనించి,
ఒక్కొక్కటే పైకి చెప్పిండు:

అక్కడ వాన పడుతుందట.
కరెంటు పోయిందట.
బ్యాటరీ మీద కూసున్నడట.
ఎవరన్న వింటున్నరా అని అడుగుతున్నడట.

దిద్దని పేపర్లు సంచిల పెట్టి
నా వేలు కూడ స్పీకరు మీద ఆనించిన.