ప్రక్కన నిలబడి ఉన్నది

బండి కొని పదకొండు రోజులు.
సీటు మీది ప్లాస్టిక్కు ఇంకా తీయనివ్వలేదు వైదేహి.
హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయ మాత్రం
విద్యానగర్ మలుపులో ఎక్కడో తెగి పడింది.

షోరూం కుర్రాడు తెర మీద వేలితో గీకి
"అంకుల్, మీకోసం తెలుగు పెట్టేశా" అన్నాడు
పుణ్యం చేసినవాడిలా.

ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి.
పెళ్లికార్డుల్లో, కరపత్రాల్లో, పదో తరగతి గైడుల్లో
జారిపోయిన ఒత్తులు ఏరుకుంటూ
కళ్లద్దాల నంబరు పెంచుకున్నవాణ్ణి.
నాకు తెలుగు పెట్టాడు.

బర్కత్‌పుర దాటకముందే ఎర్రగా వెలిగింది:
ఇంజను చెక్కుము.
ఎర్ర పెన్ను కోసం
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

మర్నాడు: నీచ ఇంధనము.
నూటపదికి పైగా పెట్టి లీటరు పోయించుకున్నాను,
ఆ మాట అనిపించుకోడానికా.

మూడోనాడు: సేవ బాకీ ఉన్నది.
ఎవరికి? అక్కడ రాయలేదు.
హిమాయత్‌నగర్ సిగ్నలు దగ్గర తొంభై సెకన్లు
బాకీ ఉన్నవాళ్లందరినీ తలుచుకున్నాను.
తొంభై చాల్లేదు.

తాళంచెవి జేబులో ఉండగానే
తాళంచెవి గ్రహించబడలేదు అంటుంది.
మా ఇంట్లో నేను మాట్లాడినప్పుడు కూడా
అచ్చం ఇంతే.

రాంనగర్ గుండు దగ్గర జహంగీర్ షెడ్డు.
పాత స్కూటరును పక్కకి వంచి
చివరి చుక్క తాగించడం నేర్పినవాడు.
చెవి ఆనించి, కళ్లు మూసుకుని
జబ్బు చెప్పేవాడు.
తెర మీది మాట చదివి వినిపించాను.
"ఇంజను చెక్కాల్నా? ఉలి తెచ్చినవా సార్?"
పిల్లలందరూ పానాలు వదిలేసి నవ్వారు.
రెండుసార్లు రేజ్ చేసి, విని, చెయ్యి తుడుచుకున్నాడు.
"బండి మంచిగనే ఉంది.
మాటలే ఖరాబున్నయ్."

నేనూ నవ్వాను.
వస్తూ వస్తూ శంకరమఠం దగ్గర
నవ్వు ఆగిపోయింది.

చిక్కడపల్లి ప్రెస్సు మేడ మీద
ఒక రాత్రి నేనూ రాశాను.
బోరు మోటారు కంపెనీ చిన్న పుస్తకం.
మాటకు పన్నెండు పైసలు.
పొద్దున్నకల్లా కావాలన్నారు.
ఆ మోటారు ఎలా ఉంటుందో నేను చూడలేదు,
దాని చప్పుడు వినలేదు.
నీళ్లు లేకుండా నడపొద్దు అని చెప్పాల్సిన చోట
"ఎండలో నడపరాదు" అని రాశాను.
దిద్దడానికి ఎవరూ లేరు.
దిద్దేవాణ్ణి నేనే కదా.

ఎవరు చదివారో దాన్ని.
ఏ జోగిపేట దగ్గరో, కొడుకు చేత చదివించుకుని
ఎవరో ఒక పెద్దమనిషి
అచ్చులో ఉన్న మాట గనక నమ్మి
మోటారు మీద గోనెసంచి కప్పి
చల్లగా ఉందిలే అనుకుని ఉంటాడు.
లోపల అది
ఉత్త గాలి తోడుతూ కాలిపోతూ ఉంటే.

భాష మార్చుకునే గడి ఎక్కడుందో నాకు తెలుసు.
నిన్న రాత్రి గేటు దగ్గర
ఇంగ్లీషు మీద బొటనవేలు పెట్టాను కూడా.
ఏ గదిలోనో, ఏ అద్దె కంప్యూటరు ముందో
బండి ముఖం చూడకుండా
ఈ మాటలు కొట్టిన మనిషి
టీ చల్లారిపోతుంటే కళ్లు నులుముకుని ఉంటాడు.
వేలు తీసేశాను.

ఇవాళ వాన. నారాయణగూడ చౌరస్తా.
రెయిన్‌కోటు మెడలోంచి నీళ్లు లోపలికి కారుతున్నాయి.
టింగుమని:
ప్రక్కన నిలబడి ఉన్నది.

స్టాండు గురించే ఆ గొడవంతా, తెలుసు.
మడమతో తడిమి చూశాను. పైకే ఉంది.
బురద పట్టి ఉంటుందంటాడు జహంగీర్.

అయినా పక్కకి చూశాను.
వాన తప్ప ఎవరూ లేరు.
"మోటారు ఏమైందన్నా?" అని అడిగాను,
హెల్మెట్ లోపలే,
నాకు మాత్రమే వినపడేలా.

వెనక ఆటోవాడు హారను మీద చెయ్యి తీయడం లేదు.
పచ్చలైటు ఎప్పుడు పడిందో.