ఒత్తులు రాకముందు

శనివారం చీటీ రాయాలి.
పోయిన వారానిది ఇరవై మూడు బడిసంచుల్లో పోయి
ఇరవై మూడు బడిసంచుల్లోనే తిరిగొచ్చింది,
మడత కూడా విప్పకుండా.
సువార్త చీటీలో మాత్రం సగం కొరికిన పల్లీచిక్కీ ఉంది.

తప్పు నాదే.
"తల్లిదండ్రులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టాను.
చీమకుర్తి కొండ కింద ఈ కాలనీలో
ఆ మాట చదవగలిగినవాళ్ళు తెల్లారకముందే షిఫ్టెక్కుతారు.
మిగిలిన ఇళ్ళలో చదువొచ్చింది ఒక్కరికే,
నా ఒకటో తరగతి పిల్లకి.
గుణింతాల దాకా వచ్చి ఆగింది.
ఒత్తులు జనవరిలో.

అందుకని ఈ వారం చీటీయే ఇంటిపని.
పిల్ల చదవాలి, ఇల్లు వినాలి.
ఒక్క ఒత్తూ లేకుండా నేను రాయాలి.

రాయబోతే తెలిసింది
జాగ్రత్తకి రెండు ఒత్తులని.
ప్రమాదానికి మొదటి అక్షరంలోనే ఒకటి అడ్డం.
క్వారీ రాదు. టిప్పరు రాదు. బ్లాస్టింగు అసలే రాదు.
నీళ్ళు రావు, నీరైతే వస్తుంది.
భద్రం అందామంటే ద కింద ర ఒదిగి కూర్చుంది.
ఎవరికి చెప్పాలో వాళ్ళూ రారు.
అమ్మకి ఒత్తు, నాన్నకి ఒత్తు, అవ్వకి ఒత్తు.
లేనిది తాత ఒక్కడికే, ఆయనకేమో చెవుడు.
సువార్త గుడ్డు తినడం మొదలుపెట్టిన సంగతి రాయాలనుంది,
దాని పేరుకే ఒత్తుంది, గుడ్డుకీ ఉంది.

మూడు కాగితాలు చించాక నాలుగోది నిలిచింది.

    మన తరగతి కబురు.
    వెంగబాబుకి పాల దంతం ఊడింది.
    అందరూ యాభై దాకా అంకెలు చదివారు.
    రాతి గని దరికి పోరాదు.
    నీలి నీరు చూడటానికి బాగు, కాలికి అడుగు దొరకదు.
    సైరను మోగితే గోడ చాటుకి రావాలి.
    ఎరుపు తీగ కనపడితే తాకరాదు, నాతో చెబితే చాలు.
    లారీ వెనుక ఆడరాదు. లారీకి వెనుక కనపడదు.
    ఇది ఇంటిలో చదవాలి.
    విని, కింద ఒక గీత గీయాలి.

సోమవారం గీతలొచ్చాయి.
ఒకటి బొగ్గుతో. ఒకటి నిలువుగా.
ఖాజాబీ వాళ్ళింటి గీతకి మొగ్గలు కూడా తొడిగాయి.
సువార్త వాళ్ళ జేజి వేలిముద్ర వేసి పంపింది,
"గోడ లేని తావున సైరను మోగితే ఎట్టా అని
అడగమనింది టీచరమ్మా."
దానికి నా దగ్గర
ఒత్తులున్న జవాబూ లేదు.

వెంగబాబు చీటీ కింద గీత లేదు.
తిప్పి చూస్తే నీలం పెన్ను,
కాగితం ఇవతలికి బుడిపెలు తేలేలా
నొక్కి నొక్కి రాసిన అక్షరాలు.

    టీచరు గారికి.
    బాబు చదవలేదు, నేనే చదివాను.
    నాది కూడా ఇంతవరకే చదువు.
    గని లోతు నాకు తెలుసు.
    మా తముడి పేరే వీడికి పెటాను.

ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. దిద్దే అలవాటు.
తముడిలో ము కింద చోటు ఖాళీగా ఉంది.
అక్కడ నేనేం పెట్టను?
మూత పెట్టేశాను.

పన్నెండున్నరకి సైరన్ మోగింది.
అన్నం పళ్ళేలతోనే గోడ చాటుకి ఉరికారు పిల్లలు,
వెంగబాబు అందరికంటే ముందు,
పంటి సందులోంచి ఈలేసుకుంటూ.
కిటికీ ఊచల మీద దుమ్ము వాలిందాకా లెక్కపెట్టాను.
ఇరవై మూడు.
మళ్ళీ లెక్కపెట్టాను.

జనవరి దాకా ఆగే పనిలేదని
బోర్డు తుడిచి మ కింద మ రాశాను.
"ఒక మ ఉండాది గదా, ఇంకోటి ఎందుకంట?" అంది ఖాజాబీ.
"తోడు," అన్నాను.

పలకలు గీరుకుంటున్నాయి.
సువార్త, ఒకటి చాలదని కాబోలు,
మ కింద మ, దాని కింద ఇంకో మ,
పలక చెక్క దాకా పెట్టుకుంటూ పోయింది.
దిద్దలేదు.