ఫలితం గడి

శృంగవరపుకోట పశువుల ఆసుపత్రి వెనక
రేకుల పాకలో దాన్ని కట్టాం.
కాగితాల మీద పేరు లేదు దానికి:
నంబరు పదిహేడు, మగ, గోధుమ వన్నె, నుదుట చుక్క.
ఉలవలు నానేసే వేళ మాత్రం
జమేదారూ అని పిలిచేవాణ్ణి నేను.
నీళ్ళు తాగే ముందు
ఎడమ ముంగాలితో తొట్టి అంచు రెండుసార్లు గీకేది.
సర్కారు తొట్టి, సొట్టలు పడితే నా జీతంలోంచే కదా,
తిట్టేవాణ్ణి.

సంతలో టముకు వేయించారు.
"కొండ రైతులకు మనవి!
మీ ఆడ గుర్రాలను మంగళవారం తోలుకు రండి,
మేలు జాతి మగ గుర్రం, రుసుము లేదహో!"
టముకు కొట్టే ముత్యాలు
మేలు జాతి దగ్గరికొచ్చేసరికి
ప్రతిసారీ నవ్వేవాడు.

మొదటి మంగళవారం ఎవరూ రాలేదు.
రెండో మంగళవారం ఒక మేక వచ్చింది, కడుపుబ్బరంతో.
మూడో వారం
దారపర్తి పైనుంచి
రెండు పక్కలా చింతపండు మూటలు వేలాడుతూ
బుల్లి గోడిగ ఒకటి దిగింది,
దాని వెనక గెమ్మెల కొసాయి.

అందరూ గుర్రం మొహం చూస్తారు.
ఆవిడ కాళ్ళ దగ్గర మొదలెట్టింది.
"ఏటి బాబూ, ఈ దొర కొండెక్కినాడా ఎప్పుడైనా?"
లేదన్నాను.
"మా దోవ నా కొంగంత. వానొస్తే అదీ ఉండదు.
ఎత్తు నేనేటి సేసుకుంతాను,
రాయి మీద ఆగే గిట్ట కావాల గానీ."
డాక్టరు గారు రొమ్ము వెడల్పు గురించి
చెబుతూనే ఉన్నారు.
ఆవిడ వింటూనే
జమేదారు కాలు ఎత్తి పట్టుకుని
గిట్ట అడుగున బొటనవేలితో నొక్కింది,
పనసకాయ పండిందో లేదో చూసినట్టు.
నన్ను తన్నిన గుర్రం
ఆవిడ చేతిలో కాలు వదిలేసి నిలబడింది.
"కానీండి," అంది.

దాటించాక
గోడిగ చెవిలో ఏదో చెప్పింది, నాకు రాని మాటలో.
సంతలో కొన్న ఉప్పు మూట
దాని వీపున వెయ్యలేదు.
"ఇయ్యాల దీనికి బరువొద్దు,"
అని తన నెత్తినే పెట్టుకుని
కొండ దారి పట్టింది.
ముందు ఆవిడ,
వెనక ఖాళీ వీపుతో గోడిగ.

రిజిస్టరులో గడులు ఆరు.
యజమాని, ఊరు, వన్నె, వయసు, దాటించిన తేదీ.
ఆరోది ఫలితం, అంగుళం వెడల్పు.
పదకొండు నెలలు దాన్ని తెల్లగా ఉంచాలి.
ఆ ఏడు పద్నాలుగు తెల్ల గడులు.

అవి నిండకముందే ఉత్తర్వు వచ్చింది,
నంబరు పదిహేడును ఇంకో జిల్లాకు పంపమని.
లారీ పలక ఎక్కనంది జమేదారు.
ముందు నేనెక్కాను, ఉలవల గిన్నెతో.
నా వెనకే ఎక్కింది.
నేను దిగాను.
ఇంతకన్నా దాని గురించి చెప్పను.

మార్చి నెలాఖరుకి లెక్కలు కావాలన్నారు.
ఇరవై ఏళ్ళ నౌకరీలో
మొదటిసారి ఆ కొండ ఎక్కాను,
మూడుచోట్ల కూర్చుని.
కొసాయి సాల ముందు నిలబడితే
కొత్త దూలం, ఇంకా పచ్చి వాసన.
"కాళ్ళు పొడుగు ముండకి, తల తగిలేస్తంది.
ఏటి సేత్తాం, కప్పు ఎత్తించినాం."
తిట్టులా అంది గానీ
ఆ దూలానికి పసుపు రాసి ఉంది.

గెడ్డ దగ్గరుంది పిల్ల. నల్లది, ఆడది.
తల్లి కడుపు కిందకి పట్టడం మానేసిన ఎత్తు.
నాచు పట్టిన రాళ్ళ మీద
తల్లి ఎక్కడ కాలు వేస్తే అక్కడే వేసుకుంటూ దిగి,
నీటి అంచున ఆగి,
ఎడమ ముంగాలితో
ఒకసారి గీకింది.

నేను ఊపిరి బిగబట్టాను.

రెండోసారి గీకి
మూతి ముంచింది.

"ఆ దొర బాగున్నాడా?" అనడిగింది కొసాయి.
ఉన్నాడన్నాను.
ఎక్కడున్నాడో నాకూ తెలీదు.

చంకలో రిజిస్టరు.
ఆరో గడిలో
ఒకటి, ఆడ, నలుపు అని రాశాను.
ఇంకా అర అంగుళం మిగిలింది.
కలం మూత పెట్టకుండా
అలా కూర్చున్నాను చాలాసేపు,
గెడ్డ చప్పుడులో.