జాము

వాళ్ళ భాషలో జాము అంటే కషాయం.
నా భాషలో రాత్రిలో ఒక ముక్క.
జావా తూర్పున, తులుంగాగుంగ్ దాటాక,
ఈ రెండూ ఒకే పీపాలో ఊరడం చూశాను.

పోనిరా గంపలో ఎనిమిది సీసాలుండేవి.
బాతిక్ గుడ్డతో వీపున కట్టుకుని
చీకటితోనే గడపగడపకీ తిరిగేది.
బాలింతకొకటి, నడుం పట్టేసినవాడికొకటి,
ముద్ద సహించని పిల్లాడికి చేదుదొకటి,
ఆ చేదు గొంతు దిగేలోగా
అల్లం బెల్లం నీళ్ళు, ఊరికే.
తర్వాత అంగళ్ళ నిండా
కాఫీ పొట్లాలు దండల్లా వేలాడాయి.
ఎనిమిది సీసాలు ఐదయ్యాయి, ఐదు రెండు.
గంప తేలికయ్యేకొద్దీ
వీపు ఎక్కువ నొప్పెట్టిందట.

సుగిమాన్ పెరట్లో నాలుగు టార్పాలిన్ చెరువులు,
ఇనప చట్రాల్లో గుండ్రంగా.
నిండా మీసాల మార్పు చేపలు.
ఆ వానల్లో అవి
నీళ్ళలో నిలువుగా వేలాడటం మొదలెట్టాయి,
ఎవరో పిలిచి మరిచిపోయినట్టు.
పొట్ట కింద ఎర్రమచ్చలు. మీసాలు అరిగి మొండివి.
చచ్చినవి రోజూ బకెట్టుతో తోడి
అరటి మొదట్లో పాతేవాడు.
అరటి మాత్రం ఏపుగా పెరిగింది.
మందులకొట్టువాడు పొడి అప్పిస్తానన్నాడు, మూడోసారి.
మొదటిసారి పనిచేసింది.
రెండోసారి కొంచెం తక్కువ.

"ముద్ద సహించట్లేదు వీటికి"
అంది పోనిరా, చట్రం మీద మోచేతులానించి.

పచ్చిపసుపు, వెల్లుల్లి, గుప్పెడు నేలవేము,
లేత బొప్పాయాకు, బెల్లపు మడ్డి.
నీలం పీపా, మూత వదులుగా.
ఐదో రాత్రి మూడో జామున
మూత తనంతట తనే టప్పుమంది.
కొలతెంత అంటే అరచెయ్యి చూపించింది.

సుగిమాన్ కూతురు రెత్నో చేపల చదువు చదువుతోంది.
ఆ అరచేతి కొలతని తక్కెడలో తూచింది.
మూడుసార్లూ మూడు తూకాలు.
నిట్టూర్చి, నడిమిది రాసుకుంది.
మేత గుళికలకి తెల్లసొనతో పట్టించి
నీడలో ఆరబెట్టి,
మొదటి రెండు చెరువులకే వెయ్యాలంది.
మిగతా రెండూ ఉత్తమేత మీదే.
లేకపోతే ఏది దేనివల్లో ఎలా తెలుస్తుంది?
అందరి చేతా ఒట్టేయించుకుంది.

డెబ్భై రోజులకి
కిలోకి పది తూగాల్సినవి
ఎనిమిదే తూగాయి, రెండు చెరువుల్లో.
మూడోదాంట్లోనూ.

రెత్నో పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది.
తరవాత తలెత్తి
పోనిరా గోళ్ళకేసి చూసింది, పచ్చగా ఉన్నాయి.

"ఇద్దరికి పోసి, మూడోవాడి గడప
చూడనట్టు దాటడం నాకు రాదమ్మా."

"మరి నాలుగోది?"

"అక్కడికెళ్ళేసరికి చెంబు ఖాళీ."

నాలుగోదాంట్లో సగానికి సగం పోయాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
రెత్నో అంకెలు కొట్టెయ్యలేదు.
మూడో వరస పక్కన, చిన్న అక్షరాల్లో,
పోనిరా, అని రాసింది.

సుగిమాన్ కిలో చేపలు సంచిలో వేసిస్తే
వెనక్కి నెట్టింది.
"నా దగ్గర తాగినవాళ్ళని నేను తింటానా?"

ఆ రాత్రి పీపా మళ్ళీ నిండింది.
నాలుగో చెరువు పక్కన
పీట వేసుక్కూర్చుంది పోనిరా,
ఒళ్ళో చెంబు.
ఇంకా ఒక జాము ఉంది
తెల్లవారడానికి.